పాత స్కైస్క్రేపర్‌ని బాగుచేస్తే సరిపోదా, పడగొట్టాల్సిందేనా?

హోబోకెన్_వాకర్:
అందరికీ నమస్తే. నేను 2014 నుంచి న్యూయార్క్‌కి నది ఇవతలున్న హోబోకెన్‌లో ఉంటున్నా, సాయంత్రం ఆఫీసు అవ్వగానే హడ్సన్ ఒడ్డున నడుస్తా. అప్పట్లో అవతల న్యూయార్క్ మిడ్‌టౌన్ వైపు చూస్తే కళ్ళు ముందు ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీదికే పోయేవి, ఇప్పుడు 270 పార్క్ అవెన్యూలో మెట్లు మెట్లుగా కంచు రంగు టవర్ లేచింది కదా, చూపు అటే పోతోంది. మొన్న నాన్నగారు వస్తే చూపించి, ఇక్కడ ఇదివరకు 52 అంతస్తుల బిల్డింగ్ ఉండేది, దాన్ని తీసేసి ఇది కట్టారు అని చెప్పా. "అంత బిల్డింగ్ ఉంటే బాగుచేసుకోవచ్చు కదరా" అన్నారు. నాకు జవాబు తెలీలేదు. ఈ లైన్‌లో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

గ్లాస్_పనోడు:
నేను బిల్డింగ్ అద్దాల పనిలోనే ఉన్నా అన్నా. నాన్నగారు అడిగింది చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే ఆ పాత బిల్డింగ్‌ని నిజంగానే బాగుచేశారు! 1960 నాటి యూనియన్ కార్బైడ్ బిల్డింగ్ అది, 2012కల్లా లోపలంతా రెన్నొవేట్ చేసి లీడ్ ప్లాటినం (పర్యావరణానికి మేలైన బిల్డింగులకిచ్చే అన్నిటికన్నా పై రేటింగ్) సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నారు, కొన్నేళ్ళకే పడగొట్టడం మొదలెట్టారు. 2017లో ఈస్ట్ మిడ్‌టౌన్ జోనింగ్ (ఎక్కడ ఎంత పెద్దది కట్టొచ్చో చెప్పే రూల్స్) మార్చి అక్కడ ఇంకా పెద్దవి కట్టుకోనిచ్చారు, అసలు కారణం అదే, బిల్డింగ్ పాడై కాదు. 215 మీటర్లది పోయి 423 మీటర్లది వచ్చింది. నాకైతే ఇప్పటికీ బాధే.

ఎంపైర్ స్టేట్ సంగతి చూడండి. 1931 నాటిది, 6,514 కిటికీలు. కొత్తవి కొనకుండా అయిదో అంతస్తులోనే వర్క్‌షాప్ పెట్టి, ఒక్కో కిటికీ ఊడదీసి, రెండు అద్దాలూ విడదీసి కడిగి, మధ్యలో పల్చటి ఫిల్మ్ బిగించి గ్యాస్ నింపి మళ్ళీ అదే చోట పెట్టారు. రేడియేటర్ల వెనక గోడకి కూడా వేడి బయటికి పోకుండా ఇన్సులేషన్ కొట్టారు. మొత్తం ప్రాజెక్టుతో కరెంటు, వేడి ఖర్చు 38 శాతం తగ్గించాలని లెక్కేసుకున్నారు. నది అవతల నుంచి చూస్తే మాత్రం ఇసుమంత తేడా తెలీదు, నేను మెచ్చుకునేది అదే.

సిడ్నీ_తెలుగు:
బ్రదర్, మా సిడ్నీలో మధ్యేమార్గం పట్టారు. ఫెర్రీలు ఆగే సర్క్యులర్ కీ దగ్గర 1976 నాటి ఏఎంపీ సెంటర్ అనే టవర్‌ని పడగొట్టకుండా స్తంభాలు, బీములు, స్లాబుల్లో మూడింట రెండొంతులు ఉంచేసి, పక్కన కొత్త స్లాబులు అతికించి కీ క్వార్టర్ టవర్ చేశారు, 2022లో అయిపోయింది. ఇక్కడ తంటా ఏంటంటే పాత కాంక్రీట్ ఎప్పుడో కుంచించుకోవడం అయిపోయింది, కొత్తది ఇంకా కుంచించుకుంటది, వెంటనే కలిపితే పగులుద్ది, అందుకని మధ్యలో సందు వదిలి చివర్లో పోశారు. ఇప్పుడు ఫెర్రీలో వస్తుంటే పేర్చిన పెట్టెల్లా ఒక్కో బ్లాకూ కాస్త తిరిగి ఉంటుంది, లోపల పాత టవర్ ఉందని చెప్తే తప్ప ఎవరూ పోల్చుకోలేరు.

హోబోకెన్_వాకర్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. బాగుచేసిన తర్వాత కూడా పడగొట్టారంటే నమ్మబుద్ధి కావట్లేదు. @గ్లాస్_పనోడు, ఆ కిటికీలు పైన అబ్జర్వేటరీకి వెళ్తే దగ్గర్నుంచి కనిపిస్తాయా? నాన్నగారు ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉంటారు, తీసుకెళ్దామని.