మంగళగిరి చీరల ఆన్‌లైన్ షాపుకి ఏవి తప్పనిసరి?

నమస్తే అండీ. మా అత్తయ్య వాళ్లు నేసే మంగళగిరి కాటన్ చీరలు ఇప్పటిదాకా వాట్సాప్‌లోనే అమ్ముతున్నాం, ఇప్పుడు సొంత వెబ్‌సైట్ పెట్టాలని ఉంది. యూపీఐ, ఆర్డర్ ట్రాకింగ్ ఎలాగూ పెడతాం. అసలు టెన్షన్ అంతా క్యాష్ ఆన్ డెలివరీతోనే: లేకపోతే కొత్తవాళ్లు నమ్మి కొనరు, పెడితేనేమో పార్సెల్ తీసుకోకుండా తిప్పి పంపినప్పుడల్లా రానూపోనూ కొరియర్ ఖర్చు మా నెత్తినే పడుతుంది. కొంత అడ్వాన్స్ అడిగితే జనం ఒప్పుకుంటారా? ఇంకోటి, నిజాం బోర్డర్ జరీ ఫోన్‌లో ఒకలా, చేతిలో మరోలా కనిపిస్తుంది కదా, పగటి వెలుగులో తీసిన చిన్న వీడియో సరిపోతుందా, లేక వీడియో కాల్ బటన్ కూడా ఉండాలా? మా దగ్గర ఒక్కో రంగులో ఒకటో రెండో చీరలే ఉంటాయి, అమ్ముడవగానే సైట్‌లోంచి దానంతట అదే పోవాలి. ఆన్‌లైన్ షాపు కట్టుకునే ప్లాట్‌ఫామ్‌లలో షాపిఫై అయితే నెలనెలా కట్టాలి, వూకామర్స్ అయితే హోస్టింగ్, అప్‌డేట్లు మనమే చూసుకోవాలి. చీరలు అమ్మేవాళ్లు ఎవరైనా ఉంటే ఏది వాడుతున్నారో చెప్పరూ.