1966 మస్టాంగ్: వాన పడితే కాళ్ల దగ్గర నీళ్లు

మిషిగన్‌_మస్టాంగ్:
నిరుడు అక్టోబరులో 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారు కొన్నాను. 289 వీ8 ఇంజిను, ఆటోమేటిక్ గేర్లు. చలికాలమంతా గ్యారేజీలోనే ఉంచాను, మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీదికి తీయలేదు. ఏప్రిల్‌లో తొలిసారి బయలుదేరితే దారిలో వాన. ఇల్లు చేరేసరికి డ్రైవరు వైపు కార్పెట్ తడిసి ముద్దయింది. ముందు అద్దం రబ్బరు మార్చినా లాభం లేకపోయింది. ఆగస్టులో ఇక్కడ జరిగే పాత కార్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూయిజ్‌కు వెళ్లాలని ఆశ. రంగు వేయించడానికి డబ్బు కూడబెట్టాను. ముందుగా ఏ పని చేయించమంటారు?

తుప్పు_వేటగాడు:
రంగు మాట ఇప్పుడే వద్దండీ. నీళ్లు కౌల్ నుంచి వస్తుండవచ్చు. అద్దం కింద, బానెట్ వెనక, గాలి కోసం చీలికలున్న రేకు కనిపిస్తుంది కదా, దాని కింద మరో రేకు ఉంటుంది. రెంటినీ వెల్డు చేసి పెట్టెలా మూసేశారు. చేయి దూరదు, శుభ్రం చేయలేం. ఆకులు అందులో పడి కుళ్లి, చెమ్మ నిలిచి, గాలి రంధ్రం చుట్టూ ఉన్న అంచును తుప్పు తినేస్తుంది. ఆ కాలపు మస్టాంగ్‌లకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు.

కార్పెట్ తీసేసి, డాష్‌బోర్డు కింద టార్చిలైటుతో పడుకోండి. ఇంకొకరిని పైనుంచి ఆ చీలికల్లోకి చెంబుతో నీళ్లు, ఒక్కో వైపే, నెమ్మదిగా పోయమనండి. పైపుతో కొడితే కన్నం ఎక్కడుందో తేలదు. నా కారుకు మా అబ్బాయి పోశాడు. మొదటి చెంబుకు ఏమీ లేదు. రెండోదానికి హీటరు పక్కన ఒక ఎర్రటి చుక్క, ఆ వెంటనే ధార.

డాలస్_వీ8:
కౌల్‌తో పాటు బ్రేకులు కూడా చూపించండి, దయచేసి. పెడల్ తొక్కితే బ్రేకు ద్రవాన్ని చక్రాలకు నెట్టేది మాస్టర్ సిలిండర్. 1966 వరకు మస్టాంగ్‌లో దానికి ఒకటే గది. ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. 1967లో రెండు గదులది వచ్చింది. నా 65 కారుకు సిగ్నల్ దగ్గర వెనక వైపు రబ్బరు గొట్టం పగిలి పెడల్ నేలకు అంటుకుంది. డాష్ కింది పార్కింగ్ బ్రేకు పిడి లాగి ఆపాను. ఆ వారమే రెండు గదులది బిగించాను. అసలు భాగాలే ఉండాలని పట్టుబట్టేవారి మీద నాకు గౌరవమే, కానీ పిల్లలను ఎక్కించుకునే కారు విషయంలో నేను ఒప్పుకోను.

గోదావరి_గ్యారేజ్:
పెట్రోలు గొట్టాలనూ మార్చండి. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు మెత్తబడి చిట్లుతుంది. ఇంజిను ఆగి ఆగి నడుస్తుంటే ముందు డిస్ట్రిబ్యూటర్‌లో, ప్లగ్గులకు నిప్పురవ్వ అందేలా కరెంటును తెంచి కలిపే ప్లాటినం పాయింట్లు చూడండి. రాజమండ్రిలో మా నాన్నగారి అంబాసిడర్‌కు గరుకు కాగితంతో అవి రుద్ది ఇచ్చేవాణ్ని. ఇక్కడ మస్టాంగ్ డిస్ట్రిబ్యూటర్ మూత తీసిన రోజున అదే పని మళ్లీ చేతికి వచ్చింది, ఆయన పక్కనే ఉన్నట్టు అనిపించింది.

మిషిగన్‌_మస్టాంగ్:
మా ఆవిడ చెంబు పట్టుకుంది. కుడివైపు పొడిగానే ఉంది, ఎడమవైపు కారింది. మెకానిక్ ముందు చక్రాల మీది రేకులు (ఫెండర్లు) విప్పి, స్పాట్ వెల్డులు ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలిచి పైరేకు ఎత్తాడు. అంచు చుట్టూ బిస్కెట్ కొరికినట్టుంది. అది మార్పించి, మాస్టర్ సిలిండర్, గొట్టాలు కొత్తవి వేయించేసరికి రంగు డబ్బు అయిపోయింది. నిన్న జోరువానలో అరగంట తిప్పాను. కార్పెట్ ఇంకా పరచలేదు. దిగి, నేల రేకును అరచేత్తో తడిమి చూశాను, పొడిగా ఉంది. వుడ్‌వర్డ్‌కు పాత రంగుతోనే వస్తున్నాను. డాలస్ గారూ, వీలైతే మీరూ రండి.