1969 కమారో జెడ్/28: ఇంజిన్ అంకెలను ఎంతవరకు నమ్మాలి, ధర ఎలా కట్టాలి?

ప్రశ్న: నాలుగుగేర్లు

చాలాకాలంగా వెతుకుతున్న 1969 షెవర్లే కమారో జెడ్/28 (కమారోల్లో ఎక్కువ వేగానికి చేసిన రకం) ఒకటి ఒహాయోలో అమ్మకానికి వచ్చింది. అడుగుతున్న ధర 82,000 డాలర్లు. ఇది "మ్యాచింగ్ నంబర్స్" కారని, అంటే ఫ్యాక్టరీలో బిగించిన 302 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, గేర్‌బాక్స్ ఇప్పటికీ ఇందులోనే ఉన్నాయని యజమాని చెబుతున్నారు. పోయిన శనివారం వెళ్లి, రెండు గంటలపాటు కారు కిందా పైనా చూసి, కనిపించిన అంకెలన్నీ రాసుకొచ్చాను.

విన్ (కారు గుర్తింపు సంఖ్య) 124379ఎన్ తో మొదలవుతోంది. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ లోపలి సీట్లకూ మధ్య గోడ) మీది ట్రిమ్ ట్యాగ్‌లో, అంటే బాడీ వివరాల రేకులో, తేదీ 03సి, కింది వరుసలో ఎక్స్77 ఉన్నాయి. కుడి సిలిండర్ హెడ్ ముందున్న ప్యాడ్ (ఇంజిన్ మీది చిన్న చదునైన తలం) మీద వి0310డీజెడ్ అనీ, దాని పక్కన విన్ చివరి అంకెలూ గుద్ది ఉన్నాయి. బ్లాకు (ఇంజిన్ ప్రధాన ఇనుప భాగం) వెనక, గేర్‌బాక్స్ ముందరి బెల్ హౌసింగ్ కలిసే అంచు దగ్గర చిన్న అద్దం పెట్టి చూస్తే సి 28 9 అని పోతలోనే వచ్చిన అక్షరాలు కనిపించాయి. మన్సీ రకం గేర్‌బాక్స్ మీద పి9సి07బి ఉంది, విన్ అంకెలు అక్కడా సరిపోయాయి. కాగితాలంటే టైటిల్, పదేళ్ల కిందట రంగు వేయించినప్పుడు తీసిన కొన్ని ఫోటోలు తప్ప మరేమీ లేవు.

నా లెక్కకు అన్నీ కుదిరినట్టే ఉన్నాయి. కాని నాతో వచ్చిన మిత్రుడు మాత్రం ఆ ప్యాడ్ మరీ నున్నగా ఉందని దారి పొడవునా గొణుగుతూనే ఉన్నాడు. ఈ ధరకు తీసుకోవచ్చా?

సమాధానం: పాతఇనుము

నాలుగుగేర్లు గారూ, మీ ప్రశ్నకు జవాబు మీరు రాసుకొచ్చిన కాగితంలోనే ఉంది. మీ మిత్రుడు గొణగడం న్యాయమే.

పోత తేదీలో మొదటి అక్షరం నెల: ఎ అంటే జనవరి, సి అంటే మార్చి. కాబట్టి సి 28 9 అంటే ఆ బ్లాకును 1969 మార్చి 28న పోశారు. ప్యాడ్ మీది వి0310డీజెడ్‌లో వి ఫ్లింట్ ఇంజిన్ ప్లాంటు, 0310 మార్చి 10, డీజెడ్ ఆ ఏటి జెడ్/28 ఇంజిన్ గుర్తు. అంటే ఇంకా పోత పోయని ఇనుమును పద్దెనిమిది రోజుల ముందే ఇంజిన్‌గా కూర్చారని ఆ ప్యాడ్ చెబుతోంది! పైగా ట్యాగ్‌లో 03సి అంటే మార్చి మూడో వారం. నార్‌వుడ్ ప్లాంటులో (విన్‌లోని ఎన్ అదే) బాడీ తయారైన వారానికి ఆ బ్లాకు పుట్టనే లేదు. క్రమం ఎప్పుడూ ఒక్కటే: ముందు పోత, తరువాత ఇంజిన్ కూర్పు, ఆ తరువాత కారు. ఈ మూడింటిలో ఒక్కటి వెనకాముందయినా ఆ ఇంజిన్ ఆ కారుతో పుట్టింది కాదు. సి 28ను మీరు మరోలా చదివి ఉండవచ్చు కాబట్టి, తుప్పు, గ్రీజు తుడిచి, టార్చి ఏటవాలుగా వేసి మరొక్కసారి చూడండి.

ప్యాడ్ నున్నదనం సంగతి. ఫ్యాక్టరీలో బ్లాకు పైభాగాన్ని బ్రోచ్ అనే కోత యంత్రంతో కోసేవారు. ఆ కోత వల్ల ముందు నుంచి వెనక్కి సాగే సన్నని సమాంతర గీతలు మిగులుతాయి, అక్షరాలను ఆ గీతల మీదే గుద్దేవారు. తరువాతెప్పుడో మెషీన్ షాపులో ఆ తలాన్ని చదును చేస్తే గీతలతోపాటు పాత అక్షరాలూ పోతాయి, అప్పుడు కొత్తవి గుద్దడం సులభం. చదును చేయడం తప్పు కాదు, ఇంజిన్ మరమ్మతులో అది మామూలే. అయితే చదును చేసిన ప్యాడ్ మీద విన్ అంకెలు తాజాగా కనిపిస్తే మాత్రం వాటిని ఎవరు, ఎందుకు గుద్దారని అడగాల్సిందే.

ఈ కార్లలో అసలు ఇంజిన్ లేకపోవడం వింత కాదు. 302 అధిక ఆర్‌పీఎంలో తిరగడానికి పుట్టిన ఇంజిన్, కొన్నవారిలో చాలామంది దాన్ని అలాగే తిప్పారు. వారంటీ కింద ఇంజిన్ మార్చినప్పుడు షెవర్లే ఇచ్చిన బ్లాకుల మీద సిఇ అని ఉంటుంది. అటువంటి బ్లాకు ఉన్న కారును నేను ఏ జంకూ లేకుండా కొంటాను, ఎందుకంటే అది తన చరిత్రను దాచుకోదు.

సమాధానం: కార్బురేటర్

పాతఇనుము గారి లెక్కతో ఏకీభవిస్తాను. కాకపోతే ఇంజిన్ పోయినంత మాత్రాన కారు జెడ్/28 కాకుండా పోదు, ఇప్పుడు తేల్చవలసింది బాడీ సంగతి. ఇక్కడ షెవర్లేతో ఒక చిక్కు ఉంది: వేరే కార్లలో రకం విన్‌తోనో, కాగితంతోనో తేలిపోతుంది, ఇందులో తేలదు. 1966 తరువాతి కొన్నేళ్ల పోంటియాక్ జీటీఓకు విన్ 242తో మొదలవుతుంది. 1970 డాడ్జ్ విన్‌లో ఐదో అక్షరం ఆర్ అయితే అందులో ఉన్నది 426 హెమీ ఇంజిన్. ఫోర్డ్‌కు 1967 నుంచి ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా ఇచ్చే మార్టీ రిపోర్టు తెప్పించుకోవచ్చు. మీ కమారో విన్‌లోని 12437 మాత్రం "వీ8 ఉన్న కూపే" అని చెప్పి ఊరుకుంటుంది, జెడ్/28 ప్రస్తావన అందులో లేదు. ట్యాగ్‌లోని ఎక్స్77 జెడ్/28 గుర్తే, ఆ లోటు తీరుస్తుంది కాని, ట్రిమ్ ట్యాగ్‌ల నకళ్లు బజారులో దొరుకుతాయి. ఆ మాటకొస్తే 1969 కమారో బాడీ మొత్తాన్నే డైనాకార్న్ సంస్థ కొత్తగా తయారుచేసి అమ్ముతోంది.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. ఏళ్ల కిందట ఒక 1970 షెవర్లే షెవెల్‌ను బ్యాడ్జీలు, బోనెట్ చారలు చూసి ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) అనుకుని కొన్నాను. ఆ ఏడు ఎస్ఎస్ అన్నది ఆప్షన్ మాత్రమే, విన్‌లో కనిపించదు. రెండేళ్లకు పెట్రోలు ట్యాంకు దించినప్పుడు దాని మీద అతుక్కుని, అంచులు పొడిపొడిగా రాలిపోతున్న బిల్డ్ షీట్ (ఆ కారుకు ఏమేం బిగించాలో ఫ్యాక్టరీ రాసిన కాగితం) దొరికింది. అందులో అది మామూలు మాలిబు. కాగితం దొరికిందన్న సంతోషం అయిదు నిమిషాలు కూడా నిలవలేదు.

కాబట్టి విండ్‌షీల్డ్ కింది గ్రిల్లు విప్పి, కౌల్ (ఆ గ్రిల్లు కింది రేకు భాగం) మీద గుద్దిన దాగిన విన్‌ను చూడండి. రెండోది హీటర్ పెట్టె వెనక ఉంటుంది. డ్యాష్ మీది విన్ పలకకు పువ్వు ఆకారపు రివెట్లే ఉండాలి. ఫ్యాక్టరీ ఏసీ అమరిక ఆనవాళ్లు ఫైర్‌వాల్‌లో కనిపిస్తే అక్కడితో ఆపేయండి, 1969 జెడ్/28కు ఏసీ గాని ఆటోమేటిక్ గేర్లు గాని ఇవ్వలేదు. వెనక యాక్సిల్ పన్నెండు బోల్టులదై ఉండాలి, దాని గొట్టం మీది తేదీ కూడా మార్చి మూడో వారానికి ముందుదే కావాలి. గ్రిల్లు విప్పినప్పుడే కౌల్‌లో ఒక చెంబెడు నీళ్లు పోసి, లోపల కాళ్లు పెట్టేచోట తడి వస్తుందేమో చూడండి. ఈ కార్లలో తుప్పు అక్కడా, వెనక అద్దం కిందా, వెనక ఫెండర్ల అంచుల్లోనూ మొదలవుతుంది, మెరిసే రంగు కింద పుట్టీ ఎంత ఉందో మందం కొలిచే మీటరు చెబుతుంది.

ధర విషయంలో నా పద్ధతి ఇది: ఇంజిన్ ఒరిజినల్ కాని జెడ్/28లు వేలంపాటల్లో ఎంతకు అమ్ముడుపోయాయో చూసి అక్కడి నుంచి పైకి లెక్కిస్తాను, అమ్మేవారు చెప్పిన ధర నుంచి కిందికి రాను. వేలం ఫలితాల్లో కొనుగోలుదారు రుసుము కలిసి ఉందో లేదో గమనించాలి. పాత కార్ల ధరలు చెప్పే హ్యాగర్టీ పట్టికలో 1 (అత్యుత్తమం) నుంచి 4 వరకు ఉండే స్థితి అంకెల్లో అమ్మేవారంతా తమ బండి 2 అంటారు. నేను చూసినవాటిలో చాలావరకు 3లే.

సమాధానం: రెండోచెయ్యి

కార్బురేటర్ గారి ధర లెక్కతో ఒక్క విషయంలో విభేదిస్తాను. దొంగ ముద్ర ఉన్న బ్లాకును ముద్రలేని బ్లాకుతో సమానంగా చూడడం పొరపాటు, దాని విలువ ఇంకా తక్కువ. రేపు మీరు అమ్మేటప్పుడు అదే ప్యాడ్ మీ సంజాయిషీ అడుగుతుంది, పైగా దాన్ని గుద్దించింది మీరేనని అవతలివారు అనుకుంటారు. కొంటే మాత్రం "ఈ ఇంజిన్ ఈ కారుతో వచ్చింది కాదు" అని అమ్మకపు పత్రంలో రాయించుకోండి.

నాలుగుగేర్లు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మళ్లీ వెళ్లాను. గుడ్డతో తుడిచి చూస్తే పోత తేదీ 28 అన్నది నిజమే. కౌల్ కింది విన్ డ్యాష్ మీదిదానితో సరిపోయింది, యాక్సిల్ తేదీ మార్చి మొదటివారం, ఏసీ ఆనవాళ్లు లేవు, నీళ్లు పోస్తే డ్రైవరు వైపు కార్పెట్ కింద మాత్రం కొంచెం తడి కనిపించింది. తేదీల సంగతి చెప్పినప్పుడు యజమాని వాదించలేదు, తాను కొన్నప్పుడే ఇంజిన్ అలా ఉందన్నారు. రెండోచెయ్యి గారు చెప్పిన వాక్యం రాసివ్వడానికి ఒప్పుకున్నారు. 61,000 ఇస్తానన్నాను, ఆయన 70,000 దగ్గర ఆగారు. వచ్చే వారం ఫోన్ చేస్తానని చెప్పి వచ్చాను.