గొడవ ‘సద్దు’మణిగిందా, ‘సర్దు’మణిగిందా?

కలంపోటు: నిన్న ఒక వార్తలో ‘రెండు వర్గాల గొడవ సద్దుమణిగింది’ అని రాశాను. డెస్కులో సీనియర్ ఒకాయన ‘ద్దు’ కొట్టేసి ‘ర్దు’ చేశారు. అడిగితే ‘సర్దడం నుంచే కదా వచ్చింది’ అన్నారు. ఏది కరెక్టు?

అచ్చుతప్పు: సద్దు అంటే చప్పుడు. సంస్కృత శబ్దం ప్రాకృతంలో సద్ద, మన దగ్గర సద్దు. మణగడమంటే అణగడం. ‘ఊరు మాటుమణిగాక’ అంటాం చూడండి, అక్కడున్నదీ ఇదే. (తూకం మణుగుకీ దీనికీ సంబంధం లేదు, ఎవరో ఒకరు అడుగుతారని ముందే చెప్తున్నా.)

వాడుకమాట: అన్నదమ్ములు ఆరు నెలలు మాటల్లేకుండా ఉండి చివరికి కలిశారనుకోండి. ఆ గొడవలో చప్పుడెక్కడిది? ‘పోన్లే, అన్నీ సర్దుకుంటాయి’ అనే అంటాం. జనం చెవికి సర్దు వినబడుతోంది, అదే రాస్తున్నారు. సర్దుబాటు ఉన్నప్పుడు సర్దుమణుగు ఉంటే తప్పేంటి?

అచ్చుతప్పు: అన్నదమ్ములది ‘సర్దుకుంది’ అనండి, ఎవరు కాదన్నారు? సర్దుబాటులో ‘బాటు’ ప్రత్యయం, దిద్దుబాటులో లాగా. మణుగు క్రియ. సర్దడానికి మనిషి కావాలి, మణగడం దానంతటదే జరుగుతుంది. రెండూ ఎలా అతుకుతాయి?

నిద్రలేమి: రాత్రి పిల్లలు పడుకున్నారు. హాలంతా బొమ్మలు. చీకట్లో ప్లాస్టిక్ ఇటుక ఒకటి అరికాల్లో గుచ్చుకుంటే అరవబోయి నోరు నొక్కుకున్నా. ఇల్లు సద్దుమణిగింది. సర్దినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

వాడుకమాట: హహ, ఇది గట్టిగానే తగిలింది. మరి ‘పోలీసులు గొడవను సద్దుమణిగించారు’ సంగతేంటి?

అచ్చుతప్పు: తొలగు–తొలగించు, వెలుగు–వెలిగించు, అలాగే మణిగించు. వ్యాకరణానికి ఇబ్బంది లేదు. చెవికి కాస్త బరువు, నేనైతే ‘సద్దుమణిగేలా చేశారు’ అంటా. ‘పరిస్థితిని చక్కదిద్దారు’ అని మాత్రం చచ్చినా రాయను. లాఠీలతో జనాన్ని చెదరగొడితే చప్పుడు ఆగుతుంది. చక్కదిద్దడమంటే చెడిందేదో చూసి బాగుచేయడం. పత్రికలు ఈ రెంటినీ కలిపేయడమే నాకు అసలు కోపం.

కలంపోటు: మా వార్తలోనూ అంతే. అరుపులు ఆగాయి, దుకాణాలు ఇంకా తెరవలేదు. ‘ద్దు’ మళ్లీ పెట్టేశా. ఆయన షిఫ్టు సాయంత్రం నుంచి.