రెండున్నర వేల సిగార్ తేలిపోయింది: తప్పు చుట్టడంలోదా, డబ్బాదా, బీరుదా?

పటమట:
చర్చకు పెడుతున్న కేసు ఇది. చేత్తో చుట్టిన రోబస్టో (పొట్టిగా, లావుగా ఉండే సైజు సిగార్), పొడవు 124 మిల్లీమీటర్లు, రింగ్ గేజ్ 50, అంటే అడ్డంగా దాదాపు 20 మిల్లీమీటర్లు. ఖరీదు రెండున్నర వేలు. పక్కన ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన 650 ఎం.ఎల్. స్ట్రాంగ్ బీరు. మొదటి నుంచీ గట్టిగా లాగితే గానీ పొగ రాలేదు. రెండుసార్లు ఆరిపోయింది. సగానికొచ్చేసరికి చేదెక్కి, మూడో వంతు మిగిలుండగానే పక్కన పడేయాల్సి వచ్చింది. ఈ వానల్లో బెజవాడలో ఇలాంటి ఫిర్యాదులు చాలా వినబడుతున్నాయి, అందరూ బీరునే తిడుతున్నారు.

నా వాదన: తప్పు చుట్టడంలో ఉంది. లోపల ఆకు కిక్కిరిస్తే గాలి ఆడదు. గాలి ఆడకపోతే గట్టిగా లాగుతాం, లాగేకొద్దీ నిప్పు వేడెక్కి ఆకు మాడుతుంది. ఆ చేదు మాడు చేదే. క్యాప్ (నోట్లో పెట్టుకునే వైపు మూసి ఉన్న కొన) రెండు మిల్లీమీటర్లు కోసి, వెలిగించకముందే ఒకసారి లాగి చూస్తే ఇది తెలిసిపోతుంది. స్ట్రాతో మజ్జిగ తాగినంత తేలిగ్గా రావాలి. గడ్డపెరుగు లాగినట్టుంటే లోపల ముడి ఉన్నట్టే.

భవానీపురం:
పటమట గారూ, మీరు చెప్పిన గుర్తులన్నీ తడి సిగార్‌కి కూడా సరిపోతాయండీ. చుట్టూ గాలిలో ఎంత తేమ ఉంటే పొగాకు అంత పీల్చుకుంటుంది. 65 నుంచి 69 శాతం దగ్గర బాగా కాలుతుంది. 75 దాటితే లోపలి ఆకు ఉబ్బి దారులు మూసుకుంటాయి. లాగుడు బిగుస్తుంది, నిప్పు ఆరిపోతుంది, ఆవిరి నాలుకను కాలుస్తుంది. ఒక్కోసారి లోపల సొరంగంలా కాలిపోతూ పైఆకు మాత్రం అలాగే నిలబడుతుంది. కృష్ణ ఒడ్డున వానాకాలం గాలిలో తేమ 80 దాటడం మామూలే. ఆ గాలిలో పది రోజులు ఊరికే పడున్న సిగార్‌ని చుట్టినవాళ్ల తప్పనడం అన్యాయం.

సిగార్లు దాచే డబ్బాలో తేమ మీటరు 68 చూపిస్తోందిగా అంటారు. ముందు ఆ మీటరును పరీక్షించండి. సోడా సీసా మూతలో మామూలు ఉప్పు నింపి నాలుగైదు చుక్కల నీళ్లు వేయాలి. తడి ఇసుకలా ఉండాలి, నీళ్లు పైకి తేలకూడదు. మూతనీ మీటర్నీ కలిపి జిప్ కవర్లో బిగించి ఒక రోజంతా కదపకుండా ఉంచండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 70 చూపిస్తే అది 5 తక్కువ చెబుతోందన్నమాట. అంటే డబ్బాలో 68 అని చూపినప్పుడు అసలున్నది 73.

డబ్బాకి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. మూత లాక్ అయ్యే ప్లాస్టిక్ డబ్బా, 25 సిగార్లకి తేమను 65 శాతం దగ్గర నిలిపే 60 గ్రాముల ప్యాకెట్ ఒకటి చాలు. తడి దూది మాత్రం పెట్టొద్దు. అది తేమ ఇస్తుందే గానీ ఎక్కువైన తేమను వెనక్కి తీసుకోదు.

నల్లపాడు:
బీరును అంత తేలిగ్గా వదిలేయకండి అన్నా. 3 డిగ్రీల బీరు నాలుకను మొద్దుబారుస్తుంది. కలప వాసన, కోకో లాంటి సన్నటి రుచులు ముందు పోతాయి, ఘాటు మిగులుతుంది. పైగా స్ట్రాంగ్ అంటే మన దగ్గర 8 శాతం దాకా ఉంటుంది. నోట్లో మంటను పసిగట్టే నరాలను ఆల్కహాల్ ఇంకా తొందరగా రేపుతుంది. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ పట్టుకునేదీ ఆ నరాలనే. ఇప్పుడు మన గుంటూరు ప్లేటు చూడండి: పక్కన మిరపకాయ బజ్జీయో, కారం దట్టించిన చికెన్ వేపుడో ఉండాల్సిందే. వేడి పొగ, 8 శాతం బీరు, గుంటూరు కారం, మూడూ కలిసి ఒకే చోట దెబ్బ కొడతాయి. ఇక సిగార్ ఎంత మంచిదైనా మంట తప్ప ఏం తెలుస్తుంది? మంచింగ్ కావాలంటే వేయించిన వేరుశనగ గుళ్లు, జీడిపప్పు పెట్టుకోండి. కారం తింటే కనీసం అరగంట ఆగి, మంచినీళ్లతో పుక్కిలించాకే వెలిగించండి.

మామూలు లాగర్ రకం బీరులో మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి తక్కువ, పొగాకు చేదుకు ఆసరా దొరకదు. ఐపీఏ అనే చేదు రకం బీరైతే చేదు మీద చేదు. దొరికితే స్టౌట్ అనే నల్ల బీరుగానీ డార్క్ లాగర్‌గానీ తీసుకోండి. అందులో వేయించిన మాల్ట్ పొగాకుతో బాగా కలుస్తుంది. సిగార్ పైఆకు లేత రంగు కనెక్టికట్ రకం అయితే గోధుమ బీరు. ఏదైనా 8 నుంచి 10 డిగ్రీల మధ్య తాగాలి.

లంకాకు:
ఖరీదెక్కువ కాబట్టి ఘాటెక్కువ ఉండాలన్న ఆశ దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. లంక పొగాకు చుట్టకి అలవాటుపడ్డ నోటికి కనెక్టికట్ చప్పగానే ఉంటుంది, అది లోపం కాదు. డబ్బు పోసేది మచ్చలేని పైఆకుకి, తుంపకుండా చుట్టిన నిండు ఆకుకి, ఏళ్ల తరబడి నిల్వకి, మన దేశంలో దిగుమతి సుంకానికి. ఘాటు కావాలంటే మొక్క పైభాగంలో కాసే లిహేరో ఆకు ఎంత కలిపారో అడగండి.

బ్రాడీపేట:
పొగాకు బోర్డు 1976 నుంచి మన గుంటూరులోనే ఉంది కాబట్టి ఆకు సంగతి మాకు తెలుసనుకుంటాం. కానీ మనకు తెలిసిన వర్జీనియా వేరు, సిగార్ ఆకు వేరు. సిగరెట్లకు వాడే వర్జీనియాను బ్యారన్ అనే మూసిన గదిలో వేడి పెట్టి అయిదారు రోజుల్లో ఆరబెడతారు, చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. సిగార్ ఆకు షెడ్డులో గాలికి వేలాడుతూ 45 నుంచి 60 రోజులు ఆరుతుంది. ఆ తర్వాత మండె (ఆకుల కుప్ప) వేస్తే దానంతటదే వేడెక్కుతుంది. వేడి హద్దు దాటబోతే మండె విప్పి, లోపలి ఆకు పైకి, పై ఆకు లోపలికి మార్చి మళ్లీ వేస్తారు. అమ్మోనియా బయటికి పోయేది అప్పుడే. ఈ పని తొందరగా ముగించిన సిగార్ ఎంత ఖరీదైనదైనా ముక్కులో గుచ్చుతుంది, చేదుగా ఉంటుంది. వెలిగించకముందే కాలే కొన దగ్గర వాసన చూడండి. అమ్మోనియా తగిలితే కొన్ని నెలలు డబ్బాలో పడుకోబెట్టడమే దారి.

ఇంకోటి, పురుగు. దుగ్గిరాల పసుపు కొమ్ముల్లో, నిల్వ మిర్చిలో కనబడే సిగరెట్ పురుగే ఇదీను. 25 డిగ్రీలు దాటిన చోట గుడ్లు తొందరగా పొదుగుతాయి, మన ఊళ్లో ఏసీ లేని గది ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకు పైనే. పైఆకు మీద గుండుసూది గుచ్చినట్టు గుండ్రటి బెజ్జాలుంటే అది పురుగే. మిగతావి జిప్ కవర్లో పెట్టి ఒక రోజు కింది ఫ్రిజ్‌లో, మూడు రోజులు ఫ్రీజర్లో, మళ్లీ ఒక రోజు కింది ఫ్రిజ్‌లో ఉంచి బయటికి తీయాలి. నేరుగా బయటికి తీస్తే పైఆకు పగులుతుంది.

ఉండవల్లి:
ఫ్యాన్ సంగతి ఎవరూ చెప్పలేదేంటండీ? సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే ఒక పక్కే కాలి, ఇంకో పక్క పడవలా మిగులుతుంది. నిప్పు కూడా వేడెక్కుతుంది. డాబా మీదైతే గాలికి వీపు పెట్టి కూర్చోండి.

పటమట:
భవానీపురం గారి మాటకు సగం తల వంచుతాను. తడిదా, ముడిదా తేల్చడానికి మార్గం ఉంది. అనుమానం వచ్చిన పెట్టెలోంచి ఇంకోటి తీసి, 62 శాతం ప్యాకెట్ ఉన్న డబ్బాలో వారం రోజులు పెట్టండి. లాగుడు వదులైతే తేమే కారణం. అప్పటికీ బిగువుగానే ఉంటే ముడే. కట్ చేసిన వైపునుంచి సన్నటి స్టీలు పుల్లను మధ్యగా, తిప్పుతూ నెమ్మదిగా దించి తీయాలి. పక్కకు వెళ్తే పైఆకు చిరుగుతుంది. ఇక చేదు విషయం: నిమిషానికి ఒక్కసారే లాగాలి, రోబస్టో ముప్పావు గంట నుంచి గంట రావాలి. అరగంటలో అయిపోతే అది కాల్చినవాళ్ల తొందర. చివరి మూడో వంతులో కొంత చేదు సహజం, ముందు కాలిన పొగ తారంతా ఆ ముక్కలోనే పేరుకుంటుంది.

తెనాలి:
ఒక్క మాట చెప్పి తీరాలి. సిగార్ పొగ మింగకపోయినా నికోటిన్ నోటి చర్మం నుంచే ఎక్కుతుంది. పొగాకూ మద్యమూ కలిస్తే నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు దేనికదిగా తెచ్చేదానికన్నా బాగా పెరుగుతుంది. ఏ బీరు జత అన్న చర్చ రుచికే, ఆరోగ్యానికి కాదు. ఖాళీ కడుపుతో కూర్చుంటే తల తిరిగి, చెమట పట్టి, వాంతి కూడా అవుతుంది. వెంటనే ఆపేయండి.

భవానీపురం:
తెనాలి గారు చెప్పింది నిజం, దాన్ని ఎవరూ దాటవేయొద్దు. బీరు మీద మాత్రం నా మాట మారలేదు. డబ్బా సరిగ్గా ఉంటే చల్లటి లాగర్‌తో కూడా మంచి సిగార్ బతికి బట్టకడుతుంది.

నల్లపాడు:
అయితే తేల్చుకుందాం అన్నా. ఒకే పెట్టెలోంచి రెండు తీయండి, రెండూ వారం పాటు మీ 65 డబ్బాలోనే ఉంచండి. ఒక రోజు ఒకటి మంచినీళ్లతో, ఇంకో రోజు రెండోది మీ చల్లటి స్ట్రాంగ్‌తో. కారం లేదు, ఫ్యాన్ లేదు, నిమిషానికి ఒక్క లాగుడు. నీళ్లతో కాల్చింది కూడా సగంలోనే చేదైతే బీరు మీద నా వాదన వదిలేస్తాను.