కత్తి చూపిస్తే కొట్లో పనివాడు అడ్డుపడాలా?

పర్లాకిమిడి వాసి: మా పక్క వీధి బంగారం కొట్లో పోయిన వారం దోపిడీ జరిగింది. రాత్రి షట్టరు సగం దించాక ఇద్దరు దూరి కత్తి చూపించారు. కౌంటరు కుర్రవాడు తాళాలు ఇచ్చేసి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. యజమాని ఇప్పుడు ‘కనీసం అరవలేదు’ అంటున్నాడు. మీరేమంటారు?

వడ్డీకొట్టు పెద్దాయన: తప్పే. ఉప్పు తిన్న ఇంటికి ఆపాటి చేయకూడదా? ఇతరుల ఆస్తిని కాపాడే హక్కు కూడా మన నేరాల చట్టం భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షనులో ఉంది. దోపిడీలో దొంగ ప్రాణం పోయినా ఆ హక్కు వర్తిస్తుందని 41 చెబుతోంది.

కౌంటరు మనిషి: హక్కు ఉంది, నిజమే. బాధ్యత అని ఎక్కడుంది? పైగా అవసరానికి మించి కొట్టకూడదని 37లో ఉంది, అది మీరు చదవలేదు. మా బావమరిది రాయగడలో ఒక బట్టల కొట్లో డబ్బు సంచి వదలకుండా పట్టుకున్నాడు. కుడి బొటనవేలి నరం తెగింది. ఇప్పటికీ చొక్కా గుండీలు ఎడమ చేత్తో పెట్టుకుంటాడు. కొట్లో ఉన్నది ముగ్గురు. పదిమంది ఉంటేనే కదా ఈఎస్ఐ బీమా! అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం సంగతి ఎత్తితే, యజమాని ఏమన్నాడో తెలుసా? ‘నిన్ను అడ్డుపడమని ఎవరన్నారు?’

వడ్డీకొట్టు పెద్దాయన: నేను కలబడమనలేదు. అరవమన్నాను.

కౌంటరు మనిషి: అరిస్తే కత్తి జేబులో పెట్టుకుంటాడా?

బరంపురం చెల్లెలు: కత్తి ఎంత పొడవు?

గుణుపురం మాస్టారు: దొంగలు బండి ఎక్కితే కాసేపట్లో సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం దాటేస్తారు. అందుకే బండి నంబరు గుర్తుపెట్టుకోవాలి, వాళ్లు వెళ్లగానే 112కు చెప్పాలి. ‘అది ఆంధ్ర, ఇది ఒడిశా’ అని తిప్పి పంపడానికి వీల్లేదు. తమ పరిధిలో జరగని నేరమైనా జీరో ఎఫ్‌ఐఆర్ అని ఏ స్టేషనులోనైనా కేసు రాయాలి.

వడ్డీకొట్టు పెద్దాయన: అరవడానికి నంబరు ఎందుకండీ! అసలు మాట చెప్పేస్తాను. అడిగిన వెంటనే తాళాలు ఇచ్చాడంటే వాడికి ముందే తెలిసి ఉంటుంది. నా దగ్గర పదేళ్లు పనిచేసినవాడే ఒకరోజు దొంగకు దారి చూపించాడు. మీకేం, పోయింది మీ సొమ్ము కాదు.

కౌంటరు మనిషి: అదీ సంగతి! కడుపులో కత్తి దిగితేగానీ వాడు దొంగ కాదని మీరు నమ్మరు. ఇంతసేపూ ధైర్యం గురించి మాట్లాడుతున్నామనుకుంటున్నాను.

వడ్డీకొట్టు పెద్దాయన: మాట మర్యాదగా రానివ్వు బాబూ.

పర్లాకిమిడి వాసి: ఒక విషయం దాచాను, క్షమించండి. ఆ కుర్రవాడు మా అక్క కొడుకు. నాలుగు రోజులుగా పొద్దున్నే స్టేషనుకు పిలిచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెడుతున్నారు. యజమాని జీతం ఆపేశాడు. అక్క అన్నం ముట్టడం లేదు.

గుణుపురం మాస్టారు: కొట్లో కెమెరా లేదా?

పర్లాకిమిడి వాసి: ఉంది. రెండు నెలలుగా పనిచేయడం లేదు. బాగు చేయించమని మావాడే చెప్పాడు.

వడ్డీకొట్టు పెద్దాయన: చెప్పాడనడానికి రుజువేమిటి?

పర్లాకిమిడి వాసి: వాట్సాప్‌లో ఉంది. దాని కింద యజమాని బొటనవేలు బొమ్మ పెట్టాడు.