12 మందిలో నలుగురిని తీస్తే సంభావ్యత ఎలా లెక్కించాలి?

ప్రశ్న:
7 మంది అమ్మాయిలు, 5 మంది అబ్బాయిలు ఉన్నారు, చీటీలు తీసి నలుగురిని ఎంచుకుంటే సరిగ్గా ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు వచ్చే సంభావ్యత ఎంత? నేను 7/12 × 6/11 × 5/10 × 4/9 చేస్తే 7/99 వచ్చింది. అంటే 7 శాతమే, మరీ తక్కువ అనిపిస్తోంది. రేపు పరీక్ష, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మీరు కట్టింది ముందు ఇద్దరు అమ్మాయిలు, ఆ తర్వాత ఇద్దరు అబ్బాయిలు వచ్చే ఒక్క వరుసకే. ఇక్కడ వరుసతో పని లేదు కాబట్టి సంయోగాలు (వరుస చూడకుండా ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో చెప్పే లెక్క) వాడండి. 12 మందిలో నలుగురిని 495 రకాలుగా ఎంచుకోవచ్చు, 7 మందిలో ఇద్దరు అమ్మాయిలను 21 రకాలుగా, 5 మందిలో ఇద్దరు అబ్బాయిలను 10 రకాలుగా, ఈ రెండూ గుణిస్తే 210. 210/495 అంటే 14/33, దాదాపు 42 శాతం.

జవాబు 2:
మీ పద్ధతీ పనికొస్తుందండి, వదిలేయకండి. అలాంటి వరుసలు మొత్తం 6, ఒక్కోదానికీ అదే 7/99. గుణిస్తే 42/99, అదే 14/33.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు అర్థమైంది, థాంక్స్! మరి కనీసం ఒక్క అబ్బాయైనా ఉండాలంటే?

జవాబు 1:
మొత్తం 495 రకాల్లో నలుగురూ అమ్మాయిలే అయ్యేవి 35. వాటిని తీసేస్తే 460/495, దాదాపు 93 శాతం.